పదివేల మైళ్ళ సహచరులు

మానవుని జ్ఞాపకాలలో గుఱ్ఱానికి స్థానం లభించడం కొత్త విషయం కాదు. అలెగ్జాండరు దండయాత్రలను వర్ణించిన చరిత్రకారులు బ్యుసెఫాలస్ పేరును విడిచిపెట్టలేదు. రాణా ప్రతాపుని తలచుకొనేవారెవ్వరూ చేతక్‌ను మరువరు. అయితే అవి రాజుల గుఱ్ఱాలు, రణరంగంలోని గుఱ్ఱాలు. వాటి కీర్తిలో సగభాగం వాటి వీపున కూర్చున్నవారిది. ఇప్పుడు నేను మీకు మనవి చేయదలచినది అటువంటి గుఱ్ఱాలను గురించి కాదు. వంశగౌరవం గాని, అందం గాని చెప్పుకోదగినంత లేని రెండు సామాన్యమైన గుఱ్ఱాలను గురించి. వాటిపై స్వారీ చేసినవాడు రాజూ కాదు, సేనానీ కాదు. ఒక బడిపంతులు.

ఆయన పేరు ఎమే చిఫెలీ. 1895లో స్విట్జర్లండులో జన్మించినాడు. యౌవనంలో ఇంగ్లండుకు, అక్కడినుండి దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాకు చేరి, బ్యూనస్ అయిరిస్ నగరానికి సమీపాన కిల్మెస్‌లోని ఒక ఆంగ్ల పాఠశాలలో ఉపాధ్యాయుడైనాడు. ఏటేటా అవే పాఠాలు, అవే గంటలు. ఆ జీవితం ఆయనకు ఇరుకుగా తోచినది. బ్యూనస్ అయిరిస్ నుండి గుఱ్ఱంపై బయలుదేరి అమెరికా సంయుక్త రాష్ట్రాల వరకు పోవాలనే సంకల్పం కలిగినది. నడుమ ఉన్నవి ఆండీస్ పర్వతాలు, పెరూ దేశపు ఎడారులు, మధ్య అమెరికా అడవులు, మెక్సికోలోని అంతఃకలహాలు. దూరం సుమారు 10,000 మైళ్ళు. విన్నవారు ఆయనకు మతి చలించిందనుకొన్నారు. అయినా 1925 ఏప్రిల్ 23న ఆయన రెండు గుఱ్ఱాలతో బయలుదేరినాడు. 1928 సెప్టెంబరు 20న న్యూయార్కు నగరంలో అడుగు పెట్టినాడు. ఆ రెండు గుఱ్ఱాల పేర్లు మాంచా, గాతో.

స్పానిష్ భాషలో మాంచా అంటే మచ్చ. ఎఱ్ఱని ఒంటిపై అక్కడక్కడ వెదజల్లినట్లు తెల్లని మచ్చలు, తెల్లని మొగం, తెల్లని కాళ్ళు ఉండటంచేత దానికి ఆ పేరు వచ్చినది. మన అశ్వలక్షణజ్ఞులు చూచి ఉంటే పంచకల్యాణికి దూరపు చుట్టమనేవారేమో! గాతో అంటే పిల్లి. కాఫీపొడి వంటి దాని రంగును ఆ దేశంలో పిల్లి రంగుతో పోల్చి చెప్పుకొంటారు. అందువల్ల ఆ పేరు. రెండింటి మెడలూ మోటుగా ఉండేవి. కాళ్ళు పొట్టివి. ముక్కుదూలాలు వంపు తిరిగినవి. పందెపు గుఱ్ఱాలను చూచి అలవాటు పడిన కంటికి అవి ఎంతమాత్రమూ ఆనవు. పైగా పసివయస్సు కూడా కాదు. బయలుదేరేనాటికే అవి పదిహేను, పదహారేళ్ళ గుఱ్ఱాలు. సాధారణంగా గుఱ్ఱం ఆయుర్దాయం ఇరువదియైదు, ముప్పది సంవత్సరాలని గుర్తుంచుకొంటే, వానప్రస్థానికి సిద్ధపడవలసిన వయస్సులో అవి ప్రయాణానికి సిద్ధపడినవని చెప్పవచ్చును.

ఇక్కడ మనకు నలోపాఖ్యానం జ్ఞప్తికి రాక మానదు. దమయంతి పునఃస్వయంవర వార్త విని, ఒక్క దినంలో విదర్భకు చేరవలెనని ఋతుపర్ణుడు కోరినప్పుడు, బాహుకరూపంలో ఉన్న నలుడు అశ్వశాలలో వెదకి వెదకి బక్కచిక్కిన గుఱ్ఱాలను ఏరి తెచ్చినాడు. రాజుకు కోపం వచ్చినది. ఇవా అంత దూరం పోగలిగేవి, నన్ను పరిహసిస్తున్నావా అని అడిగినాడు. కాని నలుడు అశ్వహృదయం తెలిసినవాడు. ఒంటి నిగారింపునకూ ఓర్పునకూ సంబంధం లేదని ఎరిగినవాడు. చివరకు ఆ గుఱ్ఱాలే రథాన్ని కుండినపురానికి చేర్చినవి. మన తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణవిలాసం వంటి గ్రంథం వ్రాసినాడంటే, గుఱ్ఱాన్ని చూడటం ఒక విద్య అని మన పెద్దలు ఎంతగా గుర్తించినారో ఊహించుకోవచ్చును.

అర్జెంటీనాలో ఆ విద్య తెలిసినవాడు ఎమీలియో సొలానెత్. ఆయన పశువైద్య విద్యాపారంగతుడు. అయకూచో ప్రాంతంలో ఎల్ కార్డాల్ అనే పెద్ద పశుక్షేత్రానికి యజమాని. క్రియోల్యో అనే దేశవాళీ గుఱ్ఱపు జాతి అంతరించిపోకుండా కాపాడవలెనని పట్టుదల వహించినవాడు. ఆ జాతి కథ విచిత్రమైనది. 1536లో పెద్రో దె మెందోసా అనే స్పానిష్ సేనాని బ్యూనస్ అయిరిస్‌లో తొలి స్థావరం నెలకొల్పినాడు. అది కొద్దికాలంలోనే పాడుపడిపోయినది. ఆ నౌకలపై వచ్చిన గుఱ్ఱాలలో కొన్ని పచ్చిక మైదానాలలోకి తప్పించుకొని పోయినవి. వాటికి శాల లేదు, దాణా లేదు, కాపరి లేడు. ఎండకు ఎండి, చలికి వణికి, కరవులో గడ్డిదుబ్బులు కొరికి, క్రూరమృగాల బారినుండి తప్పించుకొన్నవే మిగిలినవి. బలహీనమైనవి నశించినవి. ఆ విధంగా దాదాపు నాలుగు శతాబ్దాల పాటు ప్రకృతి స్వయంగా జల్లెడ పట్టి మిగిల్చిన జాతి అది. తరువాతి కాలంలో యూరపు నుండి నాజూకైన గుఱ్ఱాలు దిగుమతి కాగానే ధనికులకు ఈ మోటు జాతిపై చిన్నచూపు కలిగినది. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న మాట ఒక్క మన దేశానికే పరిమితం కాదు!

సొలానెత్ దక్షిణాన పటగోనియా వరకు పోయి, లియెంపిచూన్ అనే తెవెల్చె తెగ నాయకుని వద్ద కొన్ని గుఱ్ఱాలను కొన్నాడు. అక్కడినుండి వందల మైళ్ళు తోలించుకొని తన క్షేత్రానికి తెచ్చినాడు. దారిలో అవి దొరికిన గడ్డి మేసి బ్రతికినవి. చిఫెలీ వచ్చి తన సంకల్పం చెప్పగానే, ఆ మందలోనుండి మాంచా, గాతోలను ఇచ్చినాడు. తన దేశవాళీ జాతి సత్తా ఏమిటో లోకానికి చూపవలెనని ఆయనకు ఉన్నది. దేశాలు చూడవలెనని చిఫెలీకి ఉన్నది. ఆ గుఱ్ఱాల అభిప్రాయం ఎవరూ అడుగలేదు. ఈ విషయాన్ని శ్రోతలు దయచేసి గుర్తుంచుకోవలెను. నేను చెప్పదలచినదంతా దీనిపైనే ఆధారపడి ఉన్నది.

పటగోనియా మైదానాలలో స్వేచ్ఛగా పెరిగిన ఆ గుఱ్ఱాలను నగరానికి తెచ్చి శాలలో కట్టి, మేలైన ధాన్యాన్నీ, పచ్చగడ్డినీ ముందుంచితే అవి మూతి పెట్టలేదట. క్రింద పడకకై పరచిన ఎండుగడ్డిని మాత్రం కమ్మగా నమిలినవి. గుఱ్ఱం గ్రుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. వీటి విషయంలో ఆ సామెత తలక్రిందులైనది. మచ్చిక చేసుకోవడం కూడా సులభం కాలేదు. మాంచాకు క్రొత్తవారంటే గిట్టదు. కళ్ళెం వేయవచ్చినవారిని తన్నడానికి సిద్ధంగా ఉండేది. చిఫెలీ తోడుగా ఒక కుక్కను కూడా తీసుకొని బయలుదేరినాడు. తొలి దినాలలోనే మాంచా దానిని తన్నినది. ఆ కుక్కను దారిలో విడిచిపెట్టక తప్పలేదు. గాతో స్వభావం వేరు. అది సాధువు. కన్నులు విప్పార్చి లోకాన్ని పసిబిడ్డవలె చూచేది. ఒకదానిపై తాను ఎక్కడం, రెండవదానిపై మూటలు వేయడం, వంతులు మార్చడం ఆయన పద్ధతి. డేరా తీసుకొనిపోలేదు. అది బరువు. గొఱ్ఱెతోళ్ళు పరచిన జీనే రాత్రివేళ పరుపయ్యేది.

ఓర్పు అనే మాటను మనం చాల తేలికగా వాడుతాము. గుఱ్ఱం ఓర్పు అంటే ఏమిటి? వేగంగా పరుగెత్తే గుఱ్ఱానికి కొన్ని నిమిషాల బలం చాలును. దూరం నడిచే గుఱ్ఱానికి కావలసినది వేరు. విశ్రాంతిలో ఉన్నప్పుడు దాని గుండె నిమిషానికి ముప్పది, నలుబది సార్లు కొట్టుకొంటుంది. పరుగులో అది రెండు వందలు దాటిపోతుంది. పని ఆగిన తరువాత ఆ గుండె ఎంత త్వరగా నెమ్మదిస్తుందో దానినిబట్టి గుఱ్ఱం సత్తా తెలుస్తుంది. మనిషివలెనే గుఱ్ఱం కూడా చెమట పట్టి ఒంటిని చల్లబరచుకొంటుంది. ఆ చెమటలో నీటితో పాటు లవణాలు కూడా విస్తారంగా పోతవి. అవి తిరిగి చేరకపోతే కండరాలు బిగుసుకొనిపోతవి, పేగుల కదలిక మందగిస్తుంది. జీను రాపిడికి వీపు పుండు పడవచ్చును. రాళ్ళకు గిట్ట నలుగవచ్చును. వీటిలో ఏ ఒక్కటి జరిగినా ప్రయాణం ఆగిపోతుంది. అన్నింటికంటె కఠినమైన సత్యం మరొకటి ఉన్నది. గుఱ్ఱం తన బాధను నోరు తెరచి చెప్పలేదు. పైగా మంచి గుఱ్ఱం రౌతు అడిగినంతవరకు, శక్తి ఉడిగినా, నడుస్తూనే ఉంటుంది. కావున గుఱ్ఱపు ఓర్పును కాపాడవలసిన బాధ్యత గుఱ్ఱానిది కాదు, రౌతుది.

చిఫెలీ ఈ పాఠాన్ని పుస్తకాలలో చదువలేదు. దారిలో నేర్చుకొన్నాడు. అర్జెంటీనా ఉత్తర సరిహద్దు దాటి బొలీవియాలో ప్రవేశించిన తరువాత దారి ఆకాశానికి ఎక్కినట్లుంటుంది. పొతొసీకి, చల్యపాతకు నడుమ ఎల్ కోందోర్ అనే కనుమను ఆ గుఱ్ఱాలు దాటినవి. దాని ఎత్తు 5,900 మీటర్లని చెప్పుకొంటారు. అంత ఎత్తున గాలి పలుచబడి, నాలుగడుగులు వేయగానే మనిషికే ఊపిరి అందదు. సముద్రమట్టానికి కొద్దిపాటి ఎత్తున పుట్టిన గుఱ్ఱాలు అక్కడ నడిచినవి. నిలబడి ఊపిరి పీల్చుకోనిచ్చి, మళ్ళీ కొంత నడిపించి, కఠినమైన ఎగుడుదారులలో తాను దిగి నడిచి, చిఫెలీ వాటిని దాటించినాడు.

ఆండీస్ దారులలో ఒకనాడు గాతో కాలు జారినది. కొండచరియపై దొర్లుతూ అగాధం అంచువరకు పోయినది. అంచున ఒంటరిగా నిలిచిన ఒక చెట్టు దానిని ఆపినది. ఆ స్థితిలో గుఱ్ఱం బెదరి కాళ్ళు తన్నుకొన్నదా, చెట్టూ గుఱ్ఱమూ కలిసి లోయలోకి పోవలసినదే. గాతో కదలలేదు. చిఫెలీ ప్రాణాలు అరచేత పెట్టుకొని దిగి, మూటలు విప్పి, త్రాడు కట్టి, ఇతరుల సాయంతో పైకి లాగేవరకు అది అట్లే ఉండిపోయినది. ఇంకొకచోట లోతైన లోయపై వ్రేలాడే త్రాటి వంతెన. వెడల్పు ఒక గుఱ్ఱం పట్టేటంత మాత్రమే. నడుమకు వచ్చేసరికి వంతెన ఊయలవలె ఊగినది. వెనుకకు మరలడానికి చోటు లేదు. మాంచా అక్కడ నిలిచిపోయినది. చిఫెలీ తొందరపెట్టలేదు. వంతెన ఊపు తగ్గేవరకు దానిని నిమురుతూ మాట్లాడుతూ నిలుచున్నాడు. ఆ తరువాత రెండు ప్రాణులూ అవతలి గట్టు చేరినవి.

ఇవన్నీ గుఱ్ఱం మనిషి మాట వినడానికి ఉదాహరణలు. మనిషి గుఱ్ఱం మాట వినడానికి కూడా ఒక ఉదాహరణ ఉన్నది. అన్నింటిలో నాకు విలువైనదిగా తోచినది అదే. ఒకచోట దారికి అడ్డంగా నీరు నిలిచి ఉన్నది. లోతు ఎక్కువ ఉన్నట్లు కనబడలేదు. చిఫెలీ గాతోను ముందుకు అదిలించినాడు. అది అడుగు వేయలేదు. మడమలతో పొడిచినాడు. అది వెనుకకు తగ్గి, ఎగిరి, ఎదురు తిరిగినది గాని నీటిలో కాలు పెట్టలేదు. సాధువుగా పేరు పొందిన గుఱ్ఱం అట్లా మొండికెత్తడం ఆయనకు వింతగా తోచినది. ఇంతలో ఆ ప్రాంతపు మనిషి ఒకడు దూరంనుండి కేకలు వేస్తూ వచ్చి, అక్కడ ఊబి ఉన్నదని హెచ్చరించి, మంచి దారి చూపించినాడు. గాతో తన నాలుగు కాళ్ళనే కాక యజమాని ప్రాణాన్ని కూడా కాపాడినది. తన బుద్ధికి అందనిది గుఱ్ఱం ముక్కుకూ గిట్టకూ అందుతుందని గ్రహించిన రౌతుకే పదివేల మైళ్ళు సాధ్యమవుతవి.

పెరూ సముద్రతీరాన ఎడారి ఉన్నది. అందులో ఒక భాగానికి మాతకబాల్యో అని పేరు. గుఱ్ఱాలను చంపేది అని దాని అర్థం. ఆ పేరు విని కూడా దానిలో గుఱ్ఱాలను నడిపించవలసి వచ్చినది. గుఱ్ఱాలకు నీరు మోసుకొని పోలేదు చిఫెలీ. ఆ నీటి బరువు మోయడంలో ఖర్చయ్యే బలం, ఆ నీరు త్రాగితే వచ్చే బలంకంటె ఎక్కువని ఆయన లెక్క. ఎండ తగ్గిన తరువాత ప్రయాణం. గిట్టలు దిగబడిపోయే ఇసుక. చివరకు దూరాన ఏరు ఉన్నదని ముందు కనిపెట్టినది మనిషి కన్ను కాదు. గుఱ్ఱాలు మెడలు ఎత్తి గాలి వాసన చూచి, అదిలించకుండానే అడుగు పెంచినవి.

దినాలు గడిచిన కొద్దీ ముగ్గురి నడుమ ఏర్పడిన చనువును ఒక్క విషయంలో చూడవచ్చును. రాత్రివేళ చిఫెలీ ఆ గుఱ్ఱాలను కట్టివేయడం మానుకొన్నాడు. ఏ పాడుపడిన గుడిసెలోనో తాను పడుకొంటే, అవి చుట్టుప్రక్కల మేసి, తెల్లవారేసరికి వాకిట నిలిచి సకిలించేవి. త్రాడు లేకుండా నిలిచిన గుఱ్ఱాన్ని మించిన యోగ్యతాపత్రం రౌతుకు మరొకటి ఉండదు. రెండు గుఱ్ఱాలలో ఏ ఒక్కటి కనుమరుగైనా రెండవది ఆగకుండా సకిలించేదట.

కొలంబియాకు, పనామాకు నడుమ ఉన్న దట్టమైన చిత్తడి అడవులలో గుఱ్ఱానికి దారి లేదు. అక్కడ ఓడ ఎక్కవలసి వచ్చినది. నికరాగువాలో అంతర్యుద్ధం కారణంగా కోస్టారికా నుండి సాల్వడోరుకు మళ్ళీ సముద్రమార్గం పట్టవలసి వచ్చినది. మెక్సికోలో బందిపోట్ల భయం వల్ల సైనికులు తోడు వచ్చినారు. అక్కడే గాతో గాయపడి కొంతకాలం విశ్రాంతి తీసుకోవలసి వచ్చినది. ఇన్ని ప్రమాదాలు దాటి టెక్సాసు నేలపై చదునైన రోడ్డు ఎక్కిన తరువాత ఇక భయం లేదనుకోవచ్చును. కాని అసలు భయం అక్కడే మొదలైనది. అది మోటారు బండ్ల రోడ్డు. మంచుకొండలలో, ఎడారులలో గుఱ్ఱానికి తన బుద్ధి పనికివచ్చినది. తరుముకొనివచ్చే యంత్రం ముందు ఆ బుద్ధి పనికిరాదు. రెండు గుఱ్ఱాలతో ఆ దారిన పోవడం క్షేమం కాదని చిఫెలీ సెయింట్ లూయిస్ నగరంలో గాతోను విడిచి, మాంచాతో మాత్రమే ముందుకు సాగినాడు. రెండు గుఱ్ఱాలూ విజయోత్సవంలో ఉంటే చూడముచ్చటగా ఉండేది. కాని ఆయన చూడముచ్చటను కాక గుఱ్ఱం క్షేమాన్ని లెక్కించినాడు.

న్యూయార్కులో నగరాధ్యక్షుడు జేమ్స్ వాకర్ ఆయనకు స్వాగతం చెప్పి పతకం బహూకరించినాడు. వాషింగ్టనులో అధ్యక్షుడు కూలిడ్జ్ దర్శనం ఇచ్చినాడు. మాంచా, గాతోలు న్యూయార్కులో మళ్ళీ కలిసినవి. ప్రజలు వాటిని చూడడానికి మూగినారు. ఇక్కడితో కథ ముగిసి ఉంటే ఇది ఒక సాహసగాథ మాత్రమే అయ్యేది. సాహసగాథలలో గుఱ్ఱాలు గమ్యం చేరిన తరువాత ఏమైనవో సాధారణంగా ఎవరూ వ్రాయరు. ఆ మహానగరంలో కొనేవారికి కొదవ ఉండి ఉండదు. చిఫెలీ వాటిని అమ్మలేదు. అవి ఏ గడ్డి తిని పెరిగినవో ఆ గడ్డి దగ్గరకే వాటిని చేర్చవలెనని నిశ్చయించినాడు. తిరుగుప్రయాణానికి వెస్ట్రిస్ అనే ఓడ నిర్ణయమైనది. ఇంతలో వాషింగ్టనులోని జాతీయ భూగోళ సంఘంలో ఉపన్యసించవలసి రావడం వలన ప్రయాణం వాయిదా పడినది. 1928 నవంబరు 12న వెస్ట్రిస్ అట్లాంటిక్ సముద్రంలో మునిగిపోయినది. వందమందికి పైగా మరణించినారు. మూడు సంవత్సరాలు ఊబినీ, అగాధాన్నీ, ఎడారినీ తప్పించుకొన్న ఆ ముగ్గురూ ఒక ఉపన్యాసం వల్ల సముద్రాన్ని కూడా తప్పించుకొన్నారు. ఆ డిసెంబరులో వేరొక ఓడలో అర్జెంటీనా చేరినారు. మాంచా, గాతోలు ఎల్ కార్డాల్ పచ్చికలో తిరిగి అడుగు పెట్టినవి. ఆ తరువాత వాటిపై ఎవరూ ఏ బరువూ మోపలేదు.

ఒక్కసారి మాత్రం వాటిని నగరానికి తీసుకొని రావలసి వచ్చినది. చిఫెలీ గ్రంథానికి పీఠిక వ్రాసిన కనింగ్‌హామ్ గ్రేహామ్ అనే స్కాట్లండు రచయిత గుఱ్ఱాలంటే ప్రాణం పెట్టినవాడు. 1936లో ఆయన బ్యూనస్ అయిరిస్‌లో మరణించినాడు. స్వదేశానికి పంపడానికి ఆయన భౌతికకాయాన్ని రేవుకు తీసుకొని పోయేటప్పుడు ఆ ఊరేగింపులో మాంచా, గాతోలు కూడ నడిచినవి.

ఈ కథ చెప్పినప్పుడు ఒక ప్రశ్న రాక తప్పదు. ఇంత కష్టం ఆ మూగజీవులకు ఎందుకు పెట్టవలెను? అవి అడిగినవా? అడుగలేదని మొదటనే మనవి చేసినాను. మానవుని కుతూహలానికి, ఒక జాతి పరువును నిలబెట్టాలనే పట్టుదలకు అవి మూల్యం చెల్లించినవి. గాతో ఆ అగాధంలో పడిపోయి ఉంటే ఈనాడు మనం ఆ యాత్రను ఇంత మెచ్చుకొంటూ మాట్లాడుకొని ఉండము. ఇది నిజమే. కాని గుఱ్ఱం చేత పని చేయించుకొనే ప్రతి మనిషీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడే. మన పట్టణాలలో ఒకప్పుడు రైలుస్టేషను ముందు జట్కాలు నిలబడి ఉండేవి. మా బాల్యంలో వాటిని ఎక్కనివారు లేరు. వారిలో రెండు రకాల బండివాళ్ళను చూచేవారము. ఒకడు బేరం కుదరగానే ఉలవల సంచి గుఱ్ఱం మూతినుండి లాగివేసి కొరడా అందుకొనేవాడు. మరొకడు ప్రయాణికుడు ఎంత తొందరపడినా, అది తినేది తినేవరకు కళ్ళెం ముట్టుకొనేవాడు కాదు. ఎక్కుడు వచ్చినప్పుడు తానే దిగి బండి ప్రక్కన నడిచేవాడు. ఇద్దరి గుఱ్ఱాలూ పని చేసినవే. ఇద్దరికీ అది కూటికోసమే. కాని ఆ గుఱ్ఱాల బ్రతుకులు ఒకటి కావు. పని చేయించుకోవడంలో కాదు, ఆ పనికి బదులుగా తాను ఏ భారం వహిస్తున్నాడనే దానిలో ధర్మాధర్మాలు తేలిపోతవి.

దూరపు స్వారీ లోకంలో ఒక క్రీడగా స్థిరపడినప్పుడు ఈ ధర్మాన్ని నిబంధనలుగా వ్రాసుకోవలసి వచ్చినది. 1955లో వెండెల్ రోబీ అనే ఆయన మరికొందరితో కలిసి కాలిఫోర్నియాలో టాహో సరస్సు ప్రాంతం నుండి ఆబర్న్ వరకు కొండదారిలో ఒక్క దినంలో వంద మైళ్ళు స్వారీ చేసి చూపించినాడు. టెవిస్ కప్ అనే పేరుతో ఆ పోటీ ప్రఖ్యాతి పొందినది. అందులో మొదట వచ్చినవానికే కాక, గమ్యం చేరిన తరువాత కూడా ఆరోగ్యంగా, ఇంకా నడవగల స్థితిలో ఉన్న గుఱ్ఱానికి 1964 నుండి హాగిన్ కప్ అనే వేరొక బహుమతి ఇస్తున్నారు. అంతర్జాతీయ పోటీలలో దారి మధ్య పశువైద్యులు గుఱ్ఱాన్ని ఆపి పరీక్షిస్తారు. నిర్ణీతమైన వ్యవధిలో గుండెకొట్టుకోవడం సాధారణంగా నిమిషానికి 64కు దిగకపోతే, కుంటి నడక కనబడితే, ఆ గుఱ్ఱం ఎంత ముందున్నా అక్కడితో ఆగవలసినదే. అర్జెంటీనాలో క్రియోల్యో జాతి పెంపకందార్ల పరీక్ష మరింత కఠినమైనది. పద్నాలుగు దినాలలో 750 కిలోమీటర్లు బరువుతో నడవవలెను. దాణా ఉండదు. మేసిన గడ్డియే ఆహారం.

ఐనప్పటికీ నిబంధనలు ఉన్నంతమాత్రాన హృదయం ఉన్నట్లు కాదు. బహుమతుల విలువ పెరిగినచోట వేగం పెరిగినది. వేగం పెరిగినచోట కాళ్ళు విరిగి గుఱ్ఱాలు చనిపోయిన సంఘటనలు కూడా జరిగినవి. 2015లో అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య గుఱ్ఱాల సంక్షేమం విషయమై ఒక దేశపు సంస్థను కొంతకాలం సభ్యత్వం నుండి తొలగించవలసి వచ్చినది. ఓర్పును పరీక్షించే క్రీడలో మనిషికి ఓర్పు నశిస్తే జరిగేది ఇదే. అందువల్లనే మాంచా, గాతోల జ్ఞాపకం కేవలం గతకాలపు ముచ్చటగా మిగిలిపోకూడదని నా మనవి. మూడు సంవత్సరాల అయిదు నెలలలో పదివేల మైళ్ళు! ఎక్కడా పందెం లేదు, గడియారం లేదు. గుఱ్ఱం కుంటితే ఆగడం, గడ్డి ఉన్నచోట నిలవడం, అది వద్దన్నచోట మరలడం ఉన్నవి. అవి అంత దూరం నడవడానికి కారణం వాటి రక్తంలోని నాలుగు శతాబ్దాల బలం ఒకటి. ఆపగలిగిన రౌతు రెండవది.

చిఫెలీ ఆ యాత్రను 1933లో గ్రంథంగా ప్రకటించినాడు. మరుసటి సంవత్సరం పిల్లలకోసం అదే కథను మాంచా, గాతోలే చెబుతున్నట్లుగా మళ్ళీ వ్రాసినాడు. మొదట అడుగని అభిప్రాయాన్ని తరువాతనైనా ఊహించి వ్రాయడానికి ఆయన ప్రయత్నించినట్లు నాకు తోస్తుంది. గాతో 1944లోను, మాంచా 1947 డిసెంబరు 25వ తేదీనాడు ఎల్ కార్డాల్‌లోనే కన్నుమూసినవి. అప్పటికి రెండింటి వయస్సూ ముప్పదియైదు సంవత్సరాల ప్రాంతానికి చేరి, గుఱ్ఱాల సాధారణ ఆయుర్దాయాన్ని దాటిపోయినది. వాటి రూపాలను బ్యూనస్ అయిరిస్ సమీపాన లుహాన్ వస్తుప్రదర్శనశాలలో భద్రపరచినారు. మాంచా న్యూయార్కు చేరిన సెప్టెంబరు 20వ తేదీని అర్జెంటీనా ప్రభుత్వం 1999లో శాసనం ద్వారా జాతీయ అశ్వదినంగా ప్రకటించినది.

చిఫెలీ 1954లో ఇంగ్లండులో మరణించినాడు. ఆయన చితాభస్మం సముద్రం దాటి అర్జెంటీనా చేరినది. 1998లో దానిని ఎల్ కార్డాల్ క్షేత్రంలో భూస్థాపితం చేసినారు. గుఱ్ఱాలను వాటి గడ్డకు చేర్చిన మనిషి చివరకు తాను కూడా అక్కడికే చేరినాడు.